గన్ పార్సిల్ చేసి బామ్మర్ది ఇంటికి పంపొచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటా, గ్రీన్ కార్డ్ హోల్డర్ని. న్యూజెర్సీలో జాబ్ వచ్చింది, వచ్చే నెల ఫ్యామిలీతో ఎడిసన్‌కి షిఫ్ట్ అవుతున్నాం. నా దగ్గర ఒక గ్లాక్ 19 పిస్టల్, ఒక మాస్‌బర్గ్ పంప్ షాట్‌గన్ ఉన్నాయి, రెండూ ఇక్కడ షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యి కొన్నవే, రసీదులు కూడా ఉన్నాయి. పిల్లలతో వెళ్తూ కార్లో తుపాకులేంటి అని మా ఆవిడ ఒకటే గోల. అందుకే ముందుగానే యూపీఎస్‌లో మా బామ్మర్ది అడ్రస్‌కి పంపేద్దాం అనుకుంటున్నా, వాడు ఎడిసన్‌లోనే హెచ్ వన్ బీ మీద ఉన్నాడు, నేను వెళ్ళాక తీసుకుంటా. లేదంటే ఫ్లైట్‌లో చెక్-ఇన్ బ్యాగేజ్‌లో వేసుకెళ్ళడం బెటరా? రెండు బాక్సులు బుల్లెట్లు కూడా ఉన్నాయి, వాటినేం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, పార్సిల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ ప్లాన్‌లోంచి మీ బామ్మర్దిని తీసెయ్. హెచ్ వన్ బీ, హెచ్ ఫోర్, ఎఫ్ వన్, బీ టూ, ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ గానీ బుల్లెట్ గానీ ఉండకూడదు అని ఫెడరల్ చట్టంలోనే ఉంది. సొంతంగా కొనకపోయినా సరే, ఇంట్లో ఉండి, అది ఉందని తెలిసి, కావాలంటే తీసుకోగలిగే పరిస్థితిలో ఉంటే చాలు, వాడి దగ్గర ఉన్నట్టే లెక్క. శిక్ష ఇదివరకు పదేళ్ళ దాకా ఉండేది, 2022లో కొత్త చట్టం వచ్చి 15 ఏళ్ళ దాకా పెంచారు. పైగా వాడి వీసా ఏంటో తెలిసి కూడా గన్ వాడి చేతికి అందిస్తే నువ్వూ అదే బోనులో నిలబడతావు, పంపినవాడికీ అంతే శిక్ష. బావగారి డబ్బా కదా అని వాడు సంతకం పెట్టి తీసుకుని అల్మారాలో పెడతాడు, లోపలేముందో నువ్వు చెప్పే పంపుతావు కదా, కాబట్టి తెలియదు అనడానికీ లేదు.

ఇందులో హంటింగ్ లైసెన్స్ అని ఒక మినహాయింపు ఉంది, అది నిజమే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఈ ఫెడరల్ నిషేధం వర్తించదు. దాన్ని పట్టుకుని మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో "ఆన్‌లైన్‌లో లైసెన్స్ తీస్కో మామా, అయిపోద్ది" అని సలహాలిస్తుంటారు. ఆ మినహాయింపు ఫెడరల్ చట్టం వరకే, న్యూజెర్సీ రూల్స్ న్యూజెర్సీవి, నీ సామాను దాచడానికి వాడి చేత వేట లైసెన్స్ తీయించడం అవసరమా చెప్పు. అన్నట్టు, బ్యాచిలర్ పార్టీలకి హెచ్ వన్ బీ కుర్రాళ్ళందరూ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి గన్ అద్దెకి తీసుకుని ఇన్‌స్టాలో ఫొటోలు పెడతారు చూడు, రేంజ్‌లో చేతిలో పట్టుకున్నా చట్టం దృష్టిలో వాళ్ళ దగ్గర ఉన్నట్టే, ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఇప్పుడు యూపీఎస్. సింపుల్‌గా చెప్పాలంటే కుదరదు. యూపీఎస్ అయినా ఫెడెక్స్ అయినా ఇప్పుడు మామూలు మనిషి దగ్గర గన్ తీసుకోవు, ఫెడరల్ లైసెన్స్ ఉండి ఆ కంపెనీతో ముందే అగ్రిమెంట్ ఉన్న డీలర్ల దగ్గరే తీసుకుంటాయి. కౌంటర్‌లో "టూల్స్" అని చెప్పి పంపే మహానుభావులు ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకు, వేరే స్టేట్‌కి గన్ పంపేటప్పుడు, తీసుకునేవాడు లైసెన్స్ డీలర్ కానప్పుడు, క్యారియర్‌కి రాతపూర్వకంగా చెప్పకపోవడమే ఒక ఫెడరల్ నేరం. ఇక పోస్టాఫీసు అంటావా, షాట్‌గన్, రైఫిల్ లాంటి పొడుగు తుపాకులు మామూలు మనిషి కూడా పోస్టులో కొన్ని షరతులతో పంపొచ్చు, పిస్టల్ మాత్రం పంపకూడదని 1927 నుంచీ చట్టం ఉంది. దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి, రేపు ఆ రూలు మారినా నీ కథలో పెద్దగా మారేదేం లేదు, ఎందుకంటే నీ అసలు తలనొప్పి పోస్టాఫీసు కాదు, పార్సిల్ ఎవరి గుమ్మం ముందు దిగుతుందనేది.

ఎందుకలా అంటున్నానో చెప్తా. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం లైసెన్స్ లేని మనిషి వేరే స్టేట్‌లో ఉన్న లైసెన్స్ లేని మనిషికి గన్ అమ్మకూడదు, ఇవ్వకూడదు, అన్నదమ్ములైనా బావాబామ్మర్దులైనా సరే. మధ్యలో ఆ రెండో స్టేట్‌లో ఉన్న లైసెన్స్ డీలర్ ఉండాలి. కానీ నీ గన్ నువ్వు నీకే పంపుకోవడం తప్పు కాదు. వేరే స్టేట్‌కి వేటకో ఇంకో సక్రమమైన పనికో వెళ్ళేవాళ్ళు తమ పేరు మీదే, అక్కడ ఉన్న ఒకరి "కేరాఫ్" అడ్రస్‌కి పంపుకోవచ్చని ఏటీఎఫ్ (గన్ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళే చెప్తారు, షరతు ఏంటంటే ఓనర్ వచ్చేదాకా ఆ ఇంటివాళ్ళు ప్యాకెట్ విప్పకూడదు, గన్ తమ స్వాధీనంలోకి తీసుకోకూడదు. నువ్వు ఎక్కడో ఈ ముక్క చదివే బామ్మర్ది ఐడియా వేసుంటావ్. అదే బామ్మర్ది సిటిజన్ అయ్యుంటే షాట్‌గన్ వరకు కనీసం ఆలోచించేవాళ్ళం, ఇప్పుడు వద్దు.

షిప్పింగే కావాలంటే దారి ఒకటుంది, ఫ్రిస్కోలో డీలర్ దగ్గరికి వెళ్ళి, ఎడిసన్ దగ్గర్లోని డీలర్‌కి పంపించమనడం. టెక్సస్ డీలర్ పంపుతాడు, అక్కడివాడు తన రిజిస్టర్‌లో ఎక్కించుకుంటాడు, ఇక్కడిదాకా హాయి. నువ్వు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు మొదలవుతుంది అసలు కథ. నీ సొంత గన్ అయినా సరే, డీలర్ చేతికి వెళ్ళాక మళ్ళీ కొత్తగా కొన్నట్టే, డీలర్ దగ్గర గన్ తీసుకునేవాళ్ళు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఆపైన న్యూజెర్సీ కాగితాలు. అక్కడ పొడుగు తుపాకీకి ఫైర్ ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు ఉండాలి, పిస్టల్‌కి అయితే ఒక్కో పిస్టల్‌కి ఒక్కో పర్మిట్, అది మీ టౌన్ పోలీసుల ద్వారా వేలిముద్రలూ రిఫరెన్సులూ అన్నీ అయ్యాక వస్తుంది. అంటే నువ్వు ఎడిసన్‌లో ఇల్లు సర్దుకుని, అడ్రస్ మార్చుకుని, అప్లై చేసి, ఆ పర్మిట్ చేతికొచ్చేదాకా నీ గ్లాక్ ఆ డీలర్ సేఫ్‌లోనే, దానికి కొంతమంది స్టోరేజ్ చార్జ్ కూడా వేస్తారు, ముందే అడుగు.

ఇంతకీ నువ్వు పంపాల్సిన అవసరమే లేదు తమ్ముడూ. ఇల్లు మారేవాడు తన గన్‌లు ఇంటి సామానుతో పాటు తనే తీసుకెళ్ళొచ్చు, అందులో ఎవరి చేతికీ మారడం అనేది ఉండదు, డీలర్ అక్కర్లేదు, 4473 అక్కర్లేదు. మూవర్స్‌కి ఇచ్చేట్టయితే మాత్రం సామాన్లలో గన్ ఉందని రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పగానే చాలా కంపెనీలు మాకొద్దు అంటాయి, చెప్పకుండా సోఫా కవర్లలో చుట్టి పెట్టడం మళ్ళీ నేరమే. కాబట్టి మిగిలింది నీ కారు. మీ ఆవిడ బాధ నాకర్థమైంది, అయినా నన్నడిగితే నీ చేతిలో, తాళం వేసి, నీ కళ్ళ ముందు ఉండటమే అన్నిటికంటే సేఫ్, ఇంకోడి వరండాలో అమెజాన్ డబ్బాల పక్కన ఉండటం కంటే.

కార్లో ఎలా పెట్టాలి అంటే, 1986లో వచ్చిన ఒక చట్టం ఉంది, సేఫ్ ప్యాసేజ్ అంటారు, సెక్షన్ 926ఏ. బయల్దేరిన చోటా చేరే చోటా ఆ గన్ ఉండటం లీగల్ అయితే, మధ్యలో స్టేట్‌లు ఏం రూల్స్ పెట్టుకున్నా నువ్వు దాటిపోవచ్చు, గన్‌లో గుండు ఉండకూడదు, గన్ గానీ బుల్లెట్లు గానీ కూర్చున్నచోటి నుంచి చేతికి అందకూడదు. డిక్కీ వేరుగా ఉన్న కారైతే డిక్కీలో. మనవాళ్ళందరివీ ఒడిస్సీలు, సియెన్నాలు, మోడల్ వైలు, వాటిల్లో వెనక సామాను చోటు కూడా కూర్చునే చోటుతో కలిసే ఉంటుంది, అలాంటప్పుడు తాళం వేసిన పెట్టె ఉండి తీరాలి, గ్లవ్ బాక్స్‌కి తాళమున్నా అది లెక్కలోకి రాదు, సీట్ల మధ్య కన్సోల్ కూడా రాదు. మ్యాగజీన్ (పిస్టల్‌లో బుల్లెట్లు నింపే డబ్బా) తీసెయ్, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లో ఏం లేదని కంటితో చూడు, వేలితో కూడా తడుము, కేబుల్ లాక్ ఛాంబర్‌లోంచి దూర్చి వెయ్, గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి రెండు వైపులా తాళం, కేసుని అన్నిటికన్నా అడుగున పెట్టి పైన కుక్కర్లూ ఆవకాయ జాడీలూ సర్దుకో. తాళం చెవి నీ జేబులోనే. దారిలో డ్రైవింగ్ షేర్ చేసుకోడానికి బామ్మర్దిని రమ్మన్నా, కారూ తాళమూ వాడికిచ్చి నువ్వు ఇంకో బండిలో వెళ్ళకు.

మీకు దారి ఎలాగూ లిటిల్ రాక్ మీదుగా ఐ-40 పట్టుకుని టెన్నెసీ దాటి ఐ-81 ఎక్కడమే కదా, అందులో వర్జీనియా పొడుగే ఎక్కువ, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ చిన్న ముక్కలు, తర్వాత పెన్సిల్వేనియాలో ఐ-78 మీద నేరుగా జెర్సీలోకి. మేరీలాండ్ ముక్కలో పెట్రోల్ కొట్టించుకోడానికి ఆగితే ఎవరూ ఏమనరు, చుట్టాలింట్లో రెండ్రోజులు దిగితే మాత్రం అది ప్రయాణం అనిపించుకోదు.

జెర్సీ లోపలికి వచ్చాక ఇంకా జాగ్రత్త. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి పర్మిట్ కూడా లేకుండా పిస్టల్ నడుముకి పెట్టుకు తిరగొచ్చు, అందుకని మనవాళ్ళకి చేతులు అలవాటైపోయాయి. న్యూజెర్సీ వేరే ఏ స్టేట్ క్యారీ పర్మిట్‌నీ ఒప్పుకోదు, నీ టెక్సస్ ఎల్టీసీ (అక్కడి క్యారీ లైసెన్స్) జెర్సీలో పర్సులో బరువు తప్ప ఇంకెందుకూ పనికిరాదు. పర్మిట్ లేకుండా పిస్టల్ దగ్గరుంటే సెకండ్ డిగ్రీ నేరం, ఐదు నుంచి పదేళ్ళు, అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా. మరి నీకెలా కుదురుతుంది అంటే ఆ చట్టంలోనే మినహాయింపులున్నాయి, సొంత ఇంట్లో ఉండొచ్చు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారేటప్పుడు తీసుకెళ్ళొచ్చు, రేంజ్‌కీ రిపేర్‌కీ తీసుకెళ్ళొచ్చు, గుండు లేకుండా, మూసి బిగించిన కేసులోనో తాళం వేసిన డిక్కీలోనో, దారిలో అవసరం లేని మలుపులు తిరక్కుండా. అంటే ఐ-78 దిగి ఐ-287 ఎక్కుతున్నప్పుడు, దారిలోనే కదా, కొత్త ఊళ్ళో అడుగుపెడుతూ ముందు బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న దర్శనం చేసుకుని పులిహోర తిని పోదాం అనిపిస్తుంది, మీ ఆవిడ కూడా అదే అంటుంది, ఆ ఒక్కరోజు వద్దు. స్వామి ఎక్కడికీ పోడు, ముందు ఇంటికెళ్ళి గన్ పెట్టె ఇంట్లో పెట్టి తర్వాత రండి.

ఎడిసన్ చేరాక 60 రోజుల్లోపల ఆ పర్చేజర్ ఐడీ కార్డుకి అప్లై చేసి, బయటి స్టేట్ నుంచి తెచ్చిన పిస్టల్ రిజిస్టర్ చేయించాలి, 2022లో తెచ్చిన రూలు ఇది, ఇదివరకు లేదు కాబట్టి పదేళ్ళ కింద మారిన మీ ఫ్రెండ్‌ని అడిగితే "ఏం అక్కర్లేదురా" అంటాడు, వినకు. రసీదులున్నాయి అన్నావ్, మంచిదే, దాచుకో, కానీ రసీదు అనేది లైసెన్స్ కాదు. మనూళ్ళో తుపాకీ అంటే ఒక లైసెన్స్ పుస్తకం, ఎలక్షన్లొస్తే స్టేషన్లో డిపాజిట్ చేసి కాగితం తెచ్చుకోవడం, అంతా ఒక పద్ధతి కాబట్టి కాగితం ఉంటే చాలు అనే ధీమా మనకి ఉంటుంది. టెక్సస్‌లో అసలు లైసెన్సే అక్కర్లేదు కాబట్టి జెర్సీ పోలీసుకి చూపించడానికి నీ దగ్గర ఏదీ లేదు, ఉన్నదల్లా ఇల్లు మారుతున్నా అనే నిజం, దానికి రుజువుగా లీజు కాగితం, ఆఫర్ లెటర్ ప్రింట్ తీసి ముందు సీట్లో పెట్టుకో.

ఇంకోటి మర్చిపోయేలా ఉన్నా, మ్యాగజీన్లు. గ్లాక్ 19తో మామూలుగా వచ్చేది 15 రౌండ్ల మ్యాగజీన్, న్యూజెర్సీలో 2018 నుంచి 10 దాటకూడదు. కేసులో గన్‌తో పాటు ఆ మ్యాగజీన్లు కూడా పెట్టుకు పోయావనుకో, మిగతావన్నీ కరెక్టుగా చేసి ఆ రేకు డబ్బాల దగ్గర దొరుకుతావ్. టెక్సస్‌లోనే ఎవరికైనా ఇచ్చెయ్ లేదా అమ్మెయ్, 10 రౌండ్లవి కొనుక్కో.

ఫ్లైట్ సంగతి. చట్టప్రకారం కుదురుతుంది, గుండు లేకుండా, గట్టి పెట్టెలో తాళం వేసి, చెక్-ఇన్ బ్యాగేజ్‌లోనే, కౌంటర్ దగ్గర నోటితో డిక్లేర్ చేసి, తాళం చెవి నీ దగ్గరే పెట్టుకుని. దేశం మొత్తం మీద 2024లో టీఎస్ఏ (ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ) చెక్‌పాయింట్ల దగ్గర 6,678 గన్‌లు పట్టుకున్నారు, ఎక్కువ శాతం గుండు వేసి ఉన్నవే, చాలామంది చెప్పేది ఒకటే, బ్యాగులో ఉందని మర్చిపోయా అని. నువ్వు మర్చిపోవులే. నా భయం న్యూజెర్సీలోని నువార్క్ ఎయిర్‌పోర్ట్ గురించి. 2005లో యూటా నుంచి ఒకాయన నువార్క్ మీదుగా పెన్సిల్వేనియా వెళ్తున్నాడు, అన్నీ రూల్ ప్రకారం డిక్లేర్ చేసి బ్యాగేజ్‌లో వేశాడు. కనెక్షన్ మిస్సయింది, బ్యాగు ఆయన చేతికొచ్చింది, రాత్రికి హోటల్‌కి పోయి పొద్దున్నే వచ్చి మళ్ళీ నిజాయితీగా కౌంటర్‌లో "నా దగ్గర గన్ ఉంది" అన్నాడు, అక్కడే అరెస్ట్. రోజుల తరబడి జైల్లో ఉన్నాడు, తర్వాత కేసు కొట్టేశారు గానీ, నన్ను అన్యాయంగా పట్టుకున్నారని ఆయన వేసిన దావా 2010లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టులో ఓడిపోయాడు. హోటల్లో ఉన్నంతసేపు బ్యాగు చేతికి అందుబాటులో ఉంది కాబట్టి సేఫ్ ప్యాసేజ్ వర్తించదు అన్నారు. నీ కేసు ఆయనంత చెడ్డది కాదు, నువ్వు జెర్సీకే మారుతున్నావ్, కానీ తుఫానుకి ఫ్లైట్ న్యూయార్క్‌లోని జేఎఫ్‌కేకో లాగార్డియాకో మళ్ళితే ఏం చేస్తావ్? అప్పుడు బ్యాగు ఇస్తామంటే తీసుకోకు, అది ఎయిర్‌లైన్ దగ్గరే ఉండనీ. ఈ టెన్షనంతా పడేకంటే కారే నయం.

నీకు అందరూ చెప్పని ముక్క ఒకటి చెప్తా. సిటిజన్ అయితే ఇలాంటి కేసులో లాయర్ పెట్టుకుని ఏదో బేరమాడి బయటపడొచ్చు. గ్రీన్ కార్డ్ వాడికి గన్ కేసులో కన్విక్షన్ పడితే, ఏ చట్టం కిందైనా సరే, డిపోర్ట్ చెయ్యడానికి అదొక్కటే కారణం సరిపోతుంది, ఇమిగ్రేషన్ చట్టంలో దానికి విడిగా ఒక క్లాజే ఉంది. పదేళ్ళు లైన్లో నిలబడి తెచ్చుకున్న కార్డు ఒక పిస్టల్ దగ్గర పోగొట్టుకోవడం ఏం తెలివి. అందుకే నన్నడిగితే గ్లాక్ అక్కడే షాపుకి అమ్మేసెయ్, రేటు తక్కువే ఇస్తాడు, పోనీలే. జెర్సీ వెళ్ళాక కార్డూ పర్మిటూ తెచ్చుకుని అక్కడి రూల్‌కి సరిపోయేది కొత్తది కొనుక్కో. షాట్‌గన్ అంటావా, మామూలు పంప్ మాస్‌బర్గ్ కాబట్టి గొడవ తక్కువ, దాన్ని కార్లో తీసుకెళ్ళు, పిస్టల్ గ్రిప్ అనీ మడిచే స్టాక్ అనీ ఏమైనా తగిలించి ఉంటే బయల్దేరే ముందే లాయర్‌కి ఫొటో చూపించు.

బుల్లెట్లు కూడా తీసుకెళ్ళొచ్చు, గన్ కేసులో కాకుండా వేరే పెట్టెలో. బాక్స్ మీద హాలో పాయింట్ అని ఉందేమో చూసుకో, న్యూజెర్సీలో అవి ఇంట్లో ఉంచుకోవచ్చు, కొన్నచోటి నుంచి ఇంటికీ ఇంటి నుంచి రేంజ్‌కీ తీసుకెళ్ళొచ్చు, మిగతా చోట్ల దగ్గర ఉంటే అదో ప్రత్యేకమైన కేసు. మూవర్స్ ఎలాగూ ముట్టుకోరు. రెండు బాక్సులే కదా, ఒక శనివారం ఫ్రిస్కోలోనే రేంజ్‌కి వెళ్ళి కాల్చేసెయ్, అరగంట పని.

లాయర్ అన్నానుగా, నేను లాయర్ని కాదు, కాబట్టి న్యూజెర్సీలో గన్ కేసులు చూసే అటార్నీతో అరగంట కన్సల్టేషన్ తీసుకో, ఇమిగ్రేషన్ తెలిసినవాడైతే ఇంకా మంచిది. నా మోడల్ నంబర్లు ఇవి, నేను ఫలానా తారీకు ఫలానా దారిలో వస్తున్నా, కార్డు దొరికేదాకా గన్ ఇంట్లో ఉండొచ్చా, ఈ మూడే అడుగు, జవాబు ఈమెయిల్‌లో రాసిమ్మను. ట్రక్ బుక్ చేసేలోపల ఈ పని అవ్వగొట్టు, ఎందుకంటే షాట్‌గన్ కూడా వద్దని ఆయన అంటే దాన్నీ అమ్ముకోడానికి నీకు కనీసం రెండు వారాలైనా టైమ్ ఉండాలి.